మీడియా అంకుల్‌కి నాలుగు లైన్లు

మంగళవారం పొద్దున ఏడు దాటాక మా క్లబ్ వాట్సాప్ గ్రూపులో ఆ వార్త వచ్చింది. పైన ఎవరో పెట్టిన గులాబీ పువ్వు, శుభోదయం. దాని కింద మా ప్రెసిడెంటు ఇంగ్లీషులో కొట్టిన రెండు ముక్కలు: మీడియా అంకుల్ ఇక లేరు, వివరాలు తర్వాత. ఆ కింద జోడించిన చేతుల బొమ్మలు, వరసగా పాతిక ముప్పై. ఎలా పోయాడని ఒక్కరూ అడగలేదు.

నేను ఆ ముక్కలు మూడుసార్లు చదివాను. ఆదివారం సాయంత్రం గ్రౌండులో ఆయన నా పక్కన అరగంట కూర్చున్నాడు. లేచేటప్పుడు నేనే ఆయన భుజం పట్టుకుని లేచాను. మా ఇద్దరిలో మోకాళ్ళు అరిగినవాడిని, బీపీ మాత్రలు మింగేవాడిని, మనుషులతో పడనివాడిని నేను. చావు దేవత సరైన వీధికే వచ్చి తలుపు తప్పు కొట్టిందనిపించింది.

ప్రెసిడెంటుకు ఫోన్ చేశాను. "ఔనంకుల్, వాకింగ్‌కని షూస్ వేసుకుంటుండెనట. అట్లనే కుర్చీల ఒరిగిండు. అయిపోయింది. నేను కాల్‌ల ఉన్న, మళ్ల చేస్త" అన్నాడు. మళ్ళీ చెయ్యలేదు.

ఈ పత్రిక చదివే ఢిల్లీ తెలుగువాళ్ళలో ఆయనను ఎరిగినవాళ్ళు తక్కువ. కానీ ఆయన చేతిమీదుగా పేరు పేపర్లో పడ్డవాళ్ళు చాలామంది ఉంటారు. ఫరీదాబాద్‌లో మా బాల్ బ్యాడ్మింటన్ క్లబ్‌కు ఇరవై ఆరేళ్ళు ప్రచార కార్యదర్శి ఆయన. చివరి రెండేళ్ళు ఆ పదవి లేకుండానే ఆ పని చేశాడు. అందులో నా పాపమూ ఉంది. చెబుతాను.

బాల్ బ్యాడ్మింటన్ అంటే మన వైపు హైస్కూలు పిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు. ఆరుబయట మట్టి కోర్టు, జట్టుకు ఐదుగురు, పసుపుపచ్చ ఉన్ని బంతి. ఇక్కడ మాత్రం ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో ఉద్యోగాలకు వచ్చిన మేము ట్రంకు పెట్టెల్లో రాకెట్లు తెచ్చుకుని, సెక్టారులో మునిసిపాలిటీవాళ్ళ ఖాళీ జాగాలో గీతలు గీసుకుని మొదలుపెట్టాం. నేను సెక్రటరీని. మొదటి టోర్నమెంటుకు నాలుగు పేపర్లకు నేనే ఇంగ్లీషులో రెండేసి పేజీలు రాసి పంపాను. ఆట పుట్టుక, పరిణామం, ప్రాశస్త్యం అన్నీ రాశాను. ఒక హిందీ పేపరు మాత్రం వేసింది. వార్త పక్కన ఫోటోలో ఎవడో ఇండోర్ హాల్లో గాలిలోకి ఎగిరి షటిల్ కొడుతున్నాడు.

ఆ పేపరు ఎడిటర్‌కు నేను రాసిన ఉత్తరం నాకిప్పటికీ కంఠతా వచ్చు. పోస్టు చేసే ముందు ఈ మీడియా అంకుల్‌కు చదివి వినిపించాను. అప్పటికాయన మా క్లబ్‌లో కొత్త. ఆడడు, ఆదివారాలు వచ్చి గట్టు మీద కూర్చుని చూస్తాడు. ట్రాక్టర్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో డిస్పాచ్ గుమాస్తా.

"ఆయ్, బ్రహ్మాండంగా ఉందండి సెక్రటరీ గారూ. మీ ఇంగ్లీషు ముందు వాళ్ళేం నిలబడతారండి" అన్నాడు.

ఉత్తరం అచ్చు కాలేదు. వారం తిరిగేసరికి ఆయన ఎవరికీ చెప్పకుండా జేబులో ఒక బంతి వేసుకుని ఆ పేపరు ఆఫీసుకు వెళ్ళి వచ్చాడు.

"ముందు థాంక్స్ చెప్పానండి. వేశారు కదా మరి. తర్వాత బంతి టేబులు మీద పెట్టాను. వాళ్ళ సారు చేత్తో నొక్కి చూసి, యే క్యా హై భాయ్, ఊన్ కా గోలా? ఇదేంటి, ఉన్ని ఉండా? అన్నాడండి. దీంతోనే ఆడతామండి, ఆదివారం వచ్చి చూడండి అన్నాను."

"వస్తానన్నాడా?"

"అనలేదండి. బంతి అక్కడే మర్చిపోయినట్టు వదిలేసి వచ్చాను."

ఆ తర్వాత ఆ పేపర్లో మా వార్త పక్కన షటిల్ బొమ్మ ఎప్పుడూ పడలేదు. నేనది చూసి సంతోషించాననుకుంటే మీరు పొరపడ్డట్టే. ఇది బంట్రోతు పని, వినయం అమ్ముకుని వార్త కొనుక్కోవడం అని కమిటీలో అన్నాను. ఆయన ఎదురుగానే అన్నాను. అందుకే కావచ్చు, ఆ సాయంత్రమే ఆయనను ప్రచార కార్యదర్శిని చేశారు.

ఆయన పని పద్ధతి చూసి నేర్చుకోవలసింది. నేను నేర్చుకోలేదు. కానీ చూశాను. మ్యాచి చివరి పాయింటు పడగానే గట్టు మీద నుంచి దిగి రెండు జట్ల దగ్గరికీ వెళ్ళేవాడు. ముందు ఓడినవాళ్ళ దగ్గరికి. ఒక్కొక్కరి పూర్తి పేరు, హిందీలో ఎలా రాస్తారో, వాళ్ళ చేతే చిన్న పుస్తకంలో రాయించుకునేవాడు. ఒకసారి విసుక్కున్నాను, ఓడినవాళ్ళ పేర్లెవడు చదువుతాడని. "వాళ్ళ అమ్మ కూడా పేపరు చూస్తుందండి" అన్నాడు.

తర్వాత నాలుగు లైన్లు హిందీలో రాసేవాడు. ఎప్పుడూ నాలుగే. గోదావరి జిల్లా మనిషి, ఆ భాష ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీ డ్రైవర్లతో మాట్లాడి నేర్చుకున్నాడు. ఆడ మగ తేడాలు తారుమారు చేసేవాడు. ఎవరిచేతైనా దిద్దించి తీసుకెళ్ళొచ్చు కదా అంటే, "వాళ్ళు దిద్దుతారండి. దిద్దిన మనిషి ఆ కాయితాన్ని పక్కన పడెయ్యలేడు" అన్నాడు. ఇలాంటి విషయాల మీద లావుపాటి పుస్తకాలు చదివాను నేను. ఈ వాక్యం వాటిలో లేదు.

డిస్పాచ్‌లో పనిచేసినవాడు కాబట్టి అన్నీ ఆ లెక్కలోనే చెప్పేవాడు. "సరుకు బాగుంటే చాలదండి. అవతలివాడు కట్టు విప్పేటప్పుడు చెయ్యి కోసుకోకూడదు." మిగతా క్లబ్బులవాళ్ళు దీపావళికి డ్రైఫ్రూట్స్ డబ్బాలు మోసుకుని పేపరు ఆఫీసుల ముందు వరస కట్టేవాళ్ళు. ఆయన ఆ వారం అటువైపు పోయేవాడు కాదు. మామూలు రోజున, వట్టి చేతులతో వెళ్ళేవాడు. వెళ్ళేముందు ఆ విలేఖరి ఆ వారం రాసినవన్నీ చదివేవాడు. మురుగు కాలవ గురించి రాసినా, స్కూలు బస్సుల గురించి రాసినా. "మీ కాలవ వార్త చూశాక మా వీధికి మనుషులొచ్చారండి" అని చెప్పి వచ్చేసేవాడు. మా ఊసే ఎత్తేవాడు కాదు. దాన్ని ముఖస్తుతి అని కొట్టిపారేశాను. కానీ ఆయన చెప్పిన కాలవ నిజంగా మా వీధిదే, మనుషులు వచ్చిన మాటా నిజమే.

నేనూ నా పని మానలేదు. పేరు తప్పు పడితే ఒక ఉత్తరం, వార్త కుదించితే ఒక ఉత్తరం, అసలు వెయ్యకపోతే ఇంకా పెద్ద ఉత్తరం. ప్రతిదీ ముందు ఆయనకు చదివి వినిపించేవాడిని. మంచి శ్రోత. ఎక్కడ కత్తి దిగిందో అక్కడ "అబ్బో" అనేవాడు. ఒక్కటీ అచ్చు కాలేదు. ఈ దేశంలో ఎడిటర్లకు వెన్నెముక లేదని తేల్చుకున్నాను. ఇరవై ఏళ్ళు దొరికినవాడికల్లా ఆ మాట చెప్పాను.

రెండేళ్ళ కిందట కొత్త కమిటీ వచ్చింది. గుర్‌గావ్‌లో పెద్ద జీతగాళ్ళు. ప్రెసిడెంటు హైదరాబాదువాడు, సాఫ్ట్‌వేర్ మేనేజరు. మొదటి మీటింగులోనే, "అంకుల్, ఇప్పుడు పేపర్ ఎవరు చూస్తరు? మనకు రీచ్ కావాలె. హ్యాండిల్ కావాలె. మీరు రెస్ట్ తీస్కోండ్రి" అన్నాడు. ప్రచార కార్యదర్శి పదవి తీసేసి డిజిటల్ లీడ్ అని పెట్టి, దానికి తన బావమరిదినే ప్రతిపాదించాడు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు.

నేనెత్తాను. ఆ నెలలో నా ఉత్తరమొకటి స్వయంగా పేపరు ఆఫీసులో ఇచ్చి రమ్మంటే, "పోస్టులోనే బావుంటుందండి" అని తప్పించుకున్నాడు. ఆ కోపం. చుట్టూ చూస్తే ఆయన కూడా చెయ్యెత్తాడు, అదీ ఎడమ చెయ్యి. వెటకారం చేస్తున్నాడనుకున్నాను.

"ఆయ్, మంచిదేనండి. నేనూరికే వెళ్ళి కనబడి వస్తుంటాను" అన్నాడు.

ఆ డిజిటల్ లీడ్ ఏం చేశాడో కూడా రాయాలి, ఎవరో ఒకరు రాయకపోతే అదే చరిత్ర అవుతుంది. ప్రెసిడెంటు బూట్లు మట్టిలో మెల్లగా నడిచే వీడియోలు తీశాడు. వెనక ఇంగ్లీషు పాట. పోయిన వేసవిలో మా గ్రౌండు పార్కింగుకు ఇస్తున్నట్టు మునిసిపాలిటీవాళ్ళు బోర్డు పాతినప్పుడు దాని మీదా ఒక వీడియో పెట్టాడు. ఎర్ర గుండెకాయలు బోలెడు వచ్చాయి. బోర్డు కదల్లేదు. అప్పుడు ఈ పెద్దమనిషి తన నాలుగు లైన్లు పట్టుకుని బయల్దేరాడు. మూడో రోజున విలేఖరి, ఫోటోగ్రాఫరు వచ్చారు. జిల్లా పేజీలో పైన, పిల్లలు బోర్డు పక్కనే ఆడుతున్న ఫోటోతో వేశారు. పది రోజుల్లో బోర్డు పీకేశారు. వార్షికోత్సవంలో ప్రెసిడెంటు మైకు పట్టుకుని డిజిటల్ టీముకు ధన్యవాదాలు చెప్పాడు. ఆయన గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు. లేచి నిజం చెప్పనూ లేదు.

పోవడానికి రెండు రోజుల ముందు, మొన్న ఆదివారం సాయంత్రం గ్రౌండులో, నన్నొకటి అడిగాడు. "సెక్రటరీ గారూ, ఇంగ్లీషు పేపర్లో కొత్త మనిషి వచ్చాడండి. వచ్చే నెల మ్యాచిలకు మీరు నాలుగు లైన్లు రాసిపెడితే తీసుకెళ్తాను."

"నాలుగు లైన్లకు నేనెందుకండీ, డిజిటల్ వాళ్ళనడగండి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అని నవ్వాడు. మా మధ్య ఆఖరి మాట అది.

మంగళవారం మధ్యాహ్నం దహనం అయిపోయింది. కట్టె ఇంకా కాలుతుండగానే గ్రూపులో ప్రెసిడెంటు శ్రద్ధాంజలి వచ్చింది. దార్శనికుడు, మీడియా వ్యూహకర్త, ఇంకా ఏవో. ఆయన పేరు మాత్రం అందులో లేదు. మీడియా అంకుల్ అనే ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్ళు ఊరందరి పేర్లూ అచ్చు వేయించిన మనిషి పేరు ఏ పేపర్లోనూ ఒక్కసారి కూడా పడలేదు. ఆయన నాలుగు లైన్ల కింద 'క్లబ్ తరఫున' అని ఉండేది, అంతే. ఆయన పేరు ఆ హిందీ పేపరు జిల్లా పేజీలో పడాలి. రెండు రోజులు దాటితే వాళ్ళకది వార్త కాదు. ఆ రాత్రే కూర్చుని పేజీన్నర రాశాను. రాసేటప్పుడు తెలిసింది, ఆయన వయసు నాకు తెలియదు, జిల్లా తప్ప ఊరు తెలియదు.

బుధవారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుంది.

"చెల్లెమ్మా, పేపర్లో వేయిద్దామని. ఆయన వయసెంత?"

"డెబ్బై మూడు నిండాయి అన్నయ్యగారూ."

"సొంత ఊరు?"

ఆవిడ తల తిప్పి నా వంక చూసింది. "అమలాపురం దగ్గరండి. మీకు తెలీదా? ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం మీ పక్కనే కదా కూర్చున్నారు."

చిన్నప్పుడు ఆడేవాడా అనడిగాను.

"ఎక్కడాడతారండి? కుడి చెయ్యి భుజం దాటి లేవదు కదా. ఎనిమిదేళ్ళప్పుడు విరిగిందంట, సరిగ్గా అతకలేదు. ఆడేవాళ్ళను చూట్టమంటే అందుకేనండి అంత పిచ్చి."

ఎప్పుడూ ఛాతీ దగ్గరే నమస్కారం పెట్టే మనిషి. కమిటీలో ఎడమ చెయ్యెత్తిన మనిషి. మనుషుల తప్పులు ఆమడ దూరం నుంచి పట్టుకుంటానని పేరున్న నా కళ్ళకు ఇరవై ఆరేళ్ళలో ఆ చెయ్యి కనబడలేదు.

పాత ఫరీదాబాద్ బజారులో మేడ మీద ఉంటుంది ఆ హిందీ పేపరు ఆఫీసు. ఉత్తరాలెన్ని రాసినా ఆ మెట్లు ఎక్కడం నాకదే మొదటిసారి. విలేఖరి ముప్పై ఏళ్ళ అమ్మాయి. క్లబ్ పేరు చెప్పగానే, "అంకుల్ నహీ ఆయే?" అంది, అంకుల్ రాలేదా అని.

చెప్పాను. టైపు చేస్తున్న చేతులు అలాగే ఆగిపోయాయి. ఆదివారమే కాయితం ఇచ్చి వెళ్ళారు కదా అంది. అదే మాట రెండుసార్లు అంది. నేను నా పేజీన్నర ఆమె ముందు పెట్టాను.

"ఉన్‌కా నామ్ క్యా థా?" అనడిగింది. ఆమె ఫోనులో ఆయన నంబరు 'బాల్ వాలే అంకుల్', బంతి అంకుల్, అని ఉంది. పేరు చెప్పాను. రాసుకుంది. "ఔర్ ఆప్?"

"క్లబ్ సెక్రటరీని."

తల ఎత్తి చూసింది. "అచ్ఛా. ఆప్ హై సెక్రటరీ జీ."

ఆ అనడంలో ఏదో ఉంది. అడిగాను. మొదట వద్దులెండి అంది. తర్వాత చెప్పింది. వాళ్ళ పాత ఇన్‌ఛార్జి రిటైరవుతూ ఆమెకు ఒప్పజెప్పిన మాటల్లో ఇదొకటి: సెక్రటరీ జీ ఉత్తరం వస్తుంది, అచ్చు వెయ్యకు, చింపకు, ఒకట్రెండు రోజుల్లో అంకుల్ వస్తారు.

"వచ్చి ఏమనేవాడు?" అన్నాను.

"మా సెక్రటరీ గారు చాలా చదువుకున్న మనిషి, ఆయన పట్టిన తప్పు నిజమే, దిద్దుకోండి, కోపం మాత్రం మీ మీద కాదు, వదిలెయ్యండి అనేవారు. చాయ్ తాగి వెళ్ళేవారు."

"మరి ఎవరి మీదట?"

"మేమూ అడిగాం అంకుల్‌జీ. నవ్వేవారు."

నేను చదివి వినిపించిన ప్రతి ఉత్తరం వెనకాలా ఆయన ఈ మెట్లెక్కాడు. నేను పోస్టు చేస్తుంటే ఆయన డెలివరీ దగ్గర కాపలా కాశాడు. వెన్నెముక లేని ఎడిటర్లని నేను తిట్టిపోసినవాళ్ళు, మా క్లబ్‌ను వెలి వెయ్యకుండా ఉన్నది ఆయన మొహం చూసి. ఈ సంగతి ఇరవై ఆరేళ్ళలో ఒక్క ఆదివారమైనా నాతో అనలేదు. అని ఉంటే నేను ఆయనకు కూడా ఒక ఉత్తరం రాసి ఉండేవాడిని. అది ఆయనకు తెలుసు.

ఆ అమ్మాయి నా పేజీన్నర చదివి మెల్లగా వెనక్కి జరిపింది. "అంకుల్ చార్ లైన్ లాతే థే" అంది. నాలుగు లైన్లు తెచ్చేవారు. ఇంకొకరంటే అక్కడే జవాబు చెప్పేవాడిని. కాగితం అడిగాను. బెంచీ మీద కూర్చుని రాశాను. గంటన్నర పట్టింది. విశేషణాలన్నీ కొట్టేశాక పేరు, వయసు, ఊరు, ఫ్యాక్టరీ, క్లబ్, భార్య, కూతురు మిగిలాయి. ఒక్క విశేషణమైనా ఉంచుదామని 'నిస్వార్థ' అని రాశాను. ఆయనైతే కొట్టేస్తాడని నేనే కొట్టేశాను. నా హిందీలో రెండుచోట్ల ఆడ మగ తప్పాయి. ఆ అమ్మాయి దిద్దింది.

గురువారం పేపర్లో వచ్చింది. జిల్లా పేజీలో కింద ఎడమవైపు, ఫోటో లేకుండా. అలవాటు కొద్దీ తప్పు కోసం వెతికాను. లేదు. పేపరు మడిచి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

మూడో రోజు కాబట్టి జనం ఉన్నారు. కమిటీవాళ్ళు తెల్ల కుర్తాల్లో వచ్చి గోడకు ఫ్లెక్సీ కట్టిస్తున్నారు. అందులో ఆయన మొహం కన్నా ప్రెసిడెంటు జోడించిన చేతులు పెద్దవి. "అంకుల్, పోస్ట్‌కి మస్తు వ్యూస్ వచ్చినయ్" అన్నాడు నన్ను చూసి. నా దగ్గర దానికి తగిన జవాబు ఉంది. చెప్పలేదు. లోపలికి వెళ్ళి ఆవిడ చేతికి పేపరు ఇచ్చాను.

"నాకు హిందీ చదవడం రాదు కదన్నయ్యగారూ" అని ఆవిడ దాన్ని కూతురికిచ్చింది. కూతురు ఇక్కడే పుట్టి పెరిగింది, నోయిడాలో ఉద్యోగం. తెలుగు అర్థమవుతుంది, మాట హిందీలోనే వస్తుంది. తండ్రి ఆదివారాలు ఎక్కడికి వెళ్తాడో ఎప్పుడూ పట్టించుకోలేదని ఆయనే నవ్వుతూ అనేవాడు.

నేల మీద తల్లి పక్కన కూర్చుని చదివింది. తండ్రి పూర్తి పేరు కింద వేలు పెట్టి చదివింది. నాలుగు లైన్లు ఎంతసేపు. అయిపోయాయి. ఆవిడ కూతురి పెదవుల వైపే చూస్తూ కూర్చుంది. ఆ అమ్మాయికి ఆగడానికి ధైర్యం చాలలేదనుకుంటాను. కళ్ళు పక్క వార్త మీదికి జారాయి. బల్లభ్‌గఢ్‌లో ఏదో స్కూల్లో ఆడపిల్లల ఖోఖో. అదే గొంతుతో అదీ చదివింది. కాజల్, సునీత, రుక్సార్, పూజ. ఆ కింద చదరంగం పోటీ. ఆ కింద ఎక్కడో కుస్తీ. ఎవరూ ఆపలేదు. వంటింట్లోంచి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. బయట ఫ్లెక్సీ కడుతున్నవాళ్ళ సుత్తి చప్పుడు ఆగింది. ఆ అమ్మాయి వేలు పేపరు మీద మెల్లగా కిందికి దిగుతూ, మాకెవరికీ తెలియని పిల్లల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ పోయింది.